వాగు ఎంత దూరం పొంగుతుంది? దక్షిణ తెలంగాణలో ముంపు పటాల లెక్క

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో వాగు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక మేటగానో, తుమ్మ పొదల వరుసగానో కనిపిస్తుంది. ఏటా సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడే ఈ నేలలో కరువు మీద జరిగినంత చర్చ వరద మీద జరగలేదు. అయితే ఆ కొద్దిపాటి వర్షంలోనూ పెద్ద భాగం కొన్ని రోజుల్లోనే, ఒక్కోసారి ఒకే రాత్రిలో కురుస్తుంది. అందుచేత ఫలానా వాగు వెడల్పెంత అని అడిగితే రెవెన్యూ నక్షా ఒక కొలత చెబుతుంది, ఎండాకాలంలో ఒడ్డున నిలబడి చూసినవారు ఇంకొకటి చెబుతారు, చెరువులన్నీ నిండి మత్తళ్లు దూకుతున్నప్పుడు కురిసిన వాన మరొకటి చూపిస్తుంది. ముంపు ప్రాంతాలను గుర్తించే ఇంజినీర్లకు కావలసింది ఈ మూడో కొలత. వాన రాకముందే దాన్ని లెక్కగట్టి, ఏ వరదకు నీరు ఎక్కడిదాకా వస్తుందో పటం మీద గీసి చూపడమే వారి పని.

ఆ పని ఎందుకు అవసరమో చెప్పడానికి ఈ ప్రాంతంలో ఒక ఘటన చాలు. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ఫాస్ట్ ప్యాసింజర్ అప్పటి నల్లగొండ జిల్లాలోని వలిగొండ సమీపంలో పట్టాలు తప్పి, 100 మందికి పైగా ప్రయాణికులు చనిపోయారు. ఎగువన చెరువు కట్ట తెగి ఒక్కసారిగా వచ్చిన నీరు అక్కడి చిన్న రైల్వే వంతెనను కోసుకుపోయింది. ఆ వంతెన కింద పారేది నది కాదు, పేరు కూడా పెద్దగా ఎవరికీ తెలియని చిన్న కాలువ. పెద్ద నదుల వెంట వరద గీతలు గీసే పద్ధతిని యథాతథంగా తెచ్చి ఇక్కడి వాగులకు అన్వయిస్తే అలాంటి చోటు ప్రమాద ప్రాంతంగా పటంలోకి ఎక్కనే ఎక్కదు. ఒకటి నిండితే నీరు మరోదానికి చేరే గొలుసుకట్టు చెరువులను లెక్కలోకి తీసుకోని ముంపు పటం దక్షిణ తెలంగాణలో సగం పటమే అన్నది ఈ వ్యాసం వాదన.

అధ్యయనం మొదలయ్యేది పరీవాహక ప్రాంతం హద్దులు గీయడంతో. వాగు మీద ఒక బిందువును ఎంచుకుని, ఎక్కడెక్కడ పడిన చినుకు చివరికి ఆ బిందువును దాటిపోతుందో ఆ నేలనంతటినీ గుర్తిస్తారు. గుట్టలు, వాలు స్పష్టంగా ఉన్న చోట ఇది సులువు. దేవరకొండ, అచ్చంపేట వైపు రాతి గుట్టల దగ్గర సర్వే ఆఫ్ ఇండియా స్థలాకృతి పటం మీదనే నీటి విభాజక రేఖను గీయవచ్చు. చెలకలు, చెరువులు కలగలిసిన మైదానంలో మాత్రం ఒక రోడ్డు కట్ట, ఒక కాలువ గట్టు కూడా నీటి దారిని మార్చేస్తాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఎన్నో వాగులను అడ్డంగా దాటుకుంటూ పోతుంది. 2024 సెప్టెంబరు 1 నాటి వర్షాలకు నడిగూడెం మండలంలో ఆ కాలువకు గండి పడి, పొలాల మీదికి నీరు మళ్లింది. పటంలో ఒక వాగుదిగా చూపిన నీరు గట్టు తెగితే మరో వాగులోకి వెళ్లగలదు కాబట్టి, హద్దు గీసిన తర్వాత ఎవరో ఒకరు దాని వెంట నడిచి చూడక తప్పదు.

తర్వాతి ప్రశ్న: ఎంత వానకు లెక్క వేయాలి? ఇక్కడ ఇంజినీర్లు వాడే మాట పునరావృత కాలం. 100 ఏళ్ల వరద అంటే వందేళ్లకు ఒకసారి వచ్చి, మళ్లీ వందేళ్ల దాకా రానిదని చాలామంది అనుకుంటారు. ఏ ఏడాదైనా దాన్ని మించిన వరద వచ్చే అవకాశం నూటికి ఒక వంతు ఉంటుందని మాత్రమే దాని అర్థం. వరుసగా రెండేళ్లు రావచ్చు, రెండు తరాల పాటు రాకపోనూవచ్చు. ఒక కుటుంబం అప్పు చేసి ఇల్లు కట్టుకుని అందులో 30 ఏళ్లు ఉంటుందనుకుంటే, ఆ కాలంలో ఒకసారైనా 100 ఏళ్ల వరదను చూసే అవకాశం 26 శాతం. అదే ఇల్లు 25 ఏళ్ల వరద గీత లోపల ఉంటే ఆ అవకాశం 71 శాతానికి చేరుతుంది. అక్కడ ప్లాటు కొనేవారికి ఈ రెండో అంకెను ఎవరూ చెప్పరు. అసలు చెప్పాల్సింది దాన్నే.

ఇలాంటి సంభావ్యతను లెక్కించాలంటే ఏళ్ల తరబడి కొలతలు ఉండాలి. కేంద్ర జల సంఘం మూసీ మీద దామరచర్ల వద్ద, కృష్ణ మీద కె.అగ్రహారం వద్ద ప్రవాహాన్ని కొలుస్తుంది. ఏటా నమోదైన గరిష్ఠ ప్రవాహాలను వరుసపెట్టి, గుంబెల్, లాగ్ పియర్సన్ మూడో రకం అనే గణాంక పద్ధతుల్లో ఒకదాన్ని అనుసరించి 25, 50, 100 ఏళ్ల వరదల పరిమాణం తేలుస్తారు. పద్ధతి ఎంత శాస్త్రీయమైనదైనా 40 ఏళ్ల రికార్డు నుంచి 100 ఏళ్ల వరదను ఊహించడంలో గణనీయమైన అనిశ్చితి ఉంటుంది. ఎగువన కొత్త ప్రాజెక్టులు వస్తే పాత రికార్డు, కొత్త రికార్డు ఒకే నది ప్రవర్తనను చెప్పవు కూడా.

ఊరి పక్క వాగుకైతే అసలు కొలతలే ఉండవు. ఈ లోటు పాతదే కనుక దానికి మందు కూడా పాతకాలం నుంచే వెతుకుతున్నారు. హైదరాబాద్ రాజ్య చీఫ్ ఇంజినీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ దక్కన్ పరీవాహక ప్రాంతాల కోసం రూపొందించిన వరద సూత్రం నేటికీ ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆయన పుట్టినరోజు జూలై 11నే తెలంగాణ ఇంజినీర్ల దినంగా జరుపుతున్నారు. పరీవాహక విస్తీర్ణం తెలిస్తే చాలు, గరిష్ఠ ప్రవాహం ఎంత ఉండవచ్చో ఆ సూత్రం ఒక అంచనా ఇస్తుంది. ఆ తర్వాతి తరంలో కేంద్ర జల సంఘం, భారత వాతావరణ శాఖ, రైల్వే పరిశోధన సంస్థ, కేంద్ర రవాణా శాఖ కలిసి దేశాన్ని ఉపమండలాలుగా విభజించి వరద అంచనా నివేదికలు తయారుచేశాయి. మన ప్రాంతం కృష్ణా, పెన్నా ఉపమండలం 3హెచ్ కిందికి వస్తుంది. వాగు పొడవు, వాలు, విస్తీర్ణం ఇస్తే వాన పడిన తర్వాత ఎన్ని గంటలకు ప్రవాహం శిఖరానికి చేరుతుందో, ఆ శిఖర ప్రవాహం ఎంతో ఆ నివేదికలోని సూత్రాలతో గణించవచ్చు. విస్తీర్ణం ఒక్కదాని మీదే ఆధారపడే సూత్రాల కన్నా ఇది మేలు, ఎందుకంటే ఒకే విస్తీర్ణమున్న రెండు వాగుల్లో పొట్టిగా, వాలుగా ఉన్నది చాలా ముందే, చాలా ఎత్తుకు పొంగుతుంది.

లెక్క ఎలా నడుస్తుందో ఒక ఊహాజనిత వాగు మీద చూద్దాం. పరీవాహక ప్రాంతం 50 చదరపు కిలోమీటర్లు, ఒక రాత్రి కురిసిన వాన 20 సెంటీమీటర్లు. మొత్తం పడిన నీరు కోటి ఘనపు మీటర్లు. నేల అప్పటికే తడిసి ఉంది, పలుచటి ఎర్ర చెలక కింద కొద్ది లోతులోనే రాయి తగులుతుంది, కనుక 60 శాతం పారిందనుకుందాం. అంటే 60 లక్షల ఘనపు మీటర్లు వాగులోకి వచ్చాయి. ఈ నీరంతా 12 గంటల్లో దిగిపోయి, ప్రవాహం సమానంగా ఎక్కి దిగిందనుకుంటే శిఖర సమయంలో సెకనుకు సుమారు 280 ఘనపు మీటర్లు, అంటే 9,800 క్యూసెక్కుల దాకా పారుతుంది. ఇప్పుడు అదే వాగు మీద ఊరి రోడ్డుకు మూడు కానాల (నీరు దూరే ఖాళీల) కల్వర్టు ఉందనుకుందాం. ఒక్కో కానా మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు. నిండుగా పారినా అది పంపగలిగేది సుమారు 1,600 క్యూసెక్కులు. మిగిలిన ఆరింట ఐదు వంతుల నీరు రోడ్డు మీదుగా పొర్లాలి, లేదా ఎగువన ఎగదన్నుకుని ఇళ్ల వైపు పాకాలి. వానాకాలం వార్తల్లో రాకపోకలు బంద్ అనే ఒక్క వాక్యం వెనుక ఉండేది ఈ లెక్కే.

ప్రవాహం ఎంతో తేలాక అది ఎంత ఎత్తుకు లేస్తుందో తేల్చాలి. ముంపు అనేది మట్టానికి సంబంధించిన విషయం కాబట్టి అధ్యయనంలో ఎక్కువ శ్రమ, ఎక్కువ ఖర్చు ఇక్కడే. వాగు పొడవునా కొన్ని వందల మీటర్లకు ఒకచోట, వంకరలు, వంతెనల దగ్గర ఇంకా దగ్గరగా, ఈ గట్టు నుంచి ఆ గట్టు అవతలి మెరక దాకా క్రాస్ సెక్షన్లు, అంటే వాగుకు అడ్డంగా నేల ఎత్తుపల్లాల కొలతలు, తీస్తారు. టోటల్ స్టేషన్, డీజీపీఎస్ వంటి సర్వే పరికరాలతో తీసిన ప్రతి మట్టాన్ని సముద్ర మట్టంతో ముడిపడిన బెంచ్‌మార్క్‌కు కలుపుతారు. ఆ కొలతలను హెక్‌రాస్ వంటి కంప్యూటర్ నమూనాలో పెడితే ఏ ప్రవాహానికి ఎక్కడ నీటి మట్టం ఎంతో వస్తుంది. అమెరికా సైనిక ఇంజినీర్ల విభాగం తయారుచేసిన ఈ ప్రోగ్రామ్ ఉచితంగానే దొరుకుతుంది కాబట్టి ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ వాడుతున్నారు.

ఆఫీసులో కూర్చుని ఉపగ్రహాల నుంచి వచ్చే ఎత్తుల సమాచారంతోనే ఈ పనంతా చేయవచ్చన్న భావన ఒకటి ఉంది. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఇచ్చే కార్టోశాట్ ఎత్తుల నమూనా పరీవాహక హద్దులు గీయడానికి చక్కగా పనికొస్తుంది. అయితే అటువంటి నమూనాల్లో ఎత్తు కొన్ని మీటర్లు, చెట్లున్న చోట అంతకన్నా ఎక్కువే తప్పు ఉండవచ్చు. వాగు ఒడ్డు నేల 200 మీటర్లకు ఒక మీటరు చొప్పున లేస్తోందనుకుంటే, మట్టంలో ఒక మీటరు పొరపాటు ముంపు గీతను 200 మీటర్లు జరిపేస్తుంది. 200 మీటర్లంటే మన పట్టణాల్లో ఒక కాలనీ. విమానం నుంచో, డ్రోన్ నుంచో లేజర్ కిరణాలతో కొలిచే లైడార్ పద్ధతిలో ఈ తప్పు 10, 20 సెంటీమీటర్లకు తగ్గుతుంది. కనీసం పట్టణాలను ఆనుకుని పారే వాగులకైనా ఈ కొలత చేయించడానికయ్యే ఖర్చుకు వెనుకాడటం సమంజసం కాదు.

నమూనాకు ఇవ్వాల్సిన మరో అంకె వాగు గరుకుదనం. శుభ్రమైన ఇసుక పాయకు మానింగ్ గుణకం 0.03 ప్రాంతంలో ఉంటే, సర్కారు తుమ్మ, తుంగ, జమ్ము కమ్ముకున్న వాగుకు అది 0.06 దాటవచ్చు. వెడల్పైన వాగులో ఈ గుణకం రెట్టింపైతే అదే ప్రవాహానికి నీటి లోతు సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. రెండు మీటర్ల లోతున పారాల్సిన నీరు మూడు మీటర్లకు లేస్తుందన్న మాట. ఇసుక తవ్వకాల వల్ల వాగు అడుగు ఒకచోట లోతై, మరోచోట మేట వేయడం కూడా ఈ లెక్కలను తారుమారు చేస్తుంది. పదేళ్ల కిందటి క్రాస్ సెక్షన్లతో నేటి ముంపు గీత గీయకూడదనడానికి ఇవే కారణాలు.

వాగు ఎక్కడ కలుస్తుందన్నదీ ముఖ్యమే. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు మూసీ నీరు దిగడానికి చోటుండదు, ఎగదన్నుతుంది. 2009 అక్టోబరు తొలి రోజుల్లో శ్రీశైలం జలాశయంలోకి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ డ్యామ్ రూపకల్పనకు తీసుకున్న వరద 19 లక్షల క్యూసెక్కులు. అప్పుడు తుంగభద్ర ఒడ్డున రాజోలి, సంగమానికి దగ్గరలోని అలంపూర్ మునిగాయి. అక్కడి చిన్న వాగుల మీద కురిసిన వానను మాత్రమే లెక్కలోకి తీసుకుని గీసే పటం ఆ ముంపును ఎన్నటికీ చూపించదు. అందుకే నదిని ఆనుకున్న ఊళ్లకు రెండు పటాలు కావాలి. ఒకటి తమ వాగు పొంగితే, మరొకటి నది ఎగదన్నితే.

గొలుసుకట్టు చెరువుల సంగతి

ఇక ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన విషయానికి వద్దాం. ఇక్కడ వాగు అంటే చాలాచోట్ల ఒక చెరువు మత్తడి నుంచి మరో చెరువు శిఖం (నీరు నిలిచే నేల) దాకా పారే నీరే. పై చెరువు నిండితే కింది చెరువుకు, అది నిండితే ఇంకా కిందిదానికి నీరు చేరుతుంది. మిషన్ కాకతీయ కోసం లెక్కించినప్పుడు రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు తేలాయి. ఖాళీగా ఉన్నప్పుడు ఇవి వరదకు రక్షణ. తొలకరి వానలను ఇవే తాగేస్తాయి, వాగులో శిఖర ప్రవాహాన్ని తగ్గిస్తాయి. నిండిన తర్వాత ఆ రక్షణ ఉండదు. పైనుంచి వచ్చినది వచ్చినట్టు కిందికి పోవాలి, పోవడానికి మత్తడి చాలకపోతే కట్ట మీదుగా పొర్లాలి. మట్టి కట్ట మీదుగా నీరు పొర్లిందంటే అది నిలవడం కష్టం.

ఈ ప్రాంతాన్ని ముంచిన పెద్ద వరదల తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. మూసీ వరద 1908 సెప్టెంబరు 28న, కృష్ణా, తుంగభద్రల వరద 2009 అక్టోబరు మొదట్లో వచ్చాయి. ఘట్‌కేసర్ పరిసరాల్లో ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటిన వాన 2020 అక్టోబరు 13 నాటిది. వలిగొండ దుర్ఘటన అక్టోబరు 29న జరిగింది. అన్నీ హస్త, చిత్త, స్వాతి కార్తెల్లోనివే, అంటే చెరువులు నిండి, నేల నానిపోయి, బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలంలోనివే. జూన్‌లో 15 సెంటీమీటర్ల వాన, అక్టోబరులో 15 సెంటీమీటర్ల వాన ఒకే వరదను ఇవ్వవు. కాబట్టి నమూనాలో చెరువులన్నీ పూర్తి నీటి మట్టంలో ఉన్నాయన్న షరతుతోనే లెక్క మొదలుపెట్టాలి. సగం నిండి ఉన్నాయనుకుని వేసే లెక్క కాగితం మీద ముంపును తగ్గిస్తుందే గాని నేల మీద తగ్గించదు.

1908 వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఈ చెరువుల విషయాన్ని కూలంకషంగా పరిశీలించారు. హైదరాబాద్‌కు ఎగువన 862 చదరపు మైళ్ల పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నట్టు, వాటిలో 221 తెగినట్టు ఆయన లెక్క తేల్చారు. నగరం దగ్గర గరిష్ఠ ప్రవాహాన్ని 4,25,000 క్యూసెక్కులుగా అంచనా వేశారు. దాన్ని అడ్డుకోవడానికి ఆయన సూచించిన జలాశయాలే తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అయ్యాయి. పెద్ద జలాశయాల మాట అందరికీ గుర్తుండిపోయింది. ఒకదాని వెనుక ఒకటి తెగిన 221 చెరువుల మాట అంతగా గుర్తులేదు. ముంపు పటాలు గీసేవారికి మాత్రం అందులో రెండోదే పెద్ద పాఠం.

కట్ట తెగితే వచ్చే ప్రవాహం వాన ప్రవాహంతో పోలిస్తే ఎంతో చూద్దాం. పైన చెప్పిన వాగు మీదనే 60 హెక్టార్ల నీటి విస్తీర్ణం, సగటున రెండున్నర మీటర్ల లోతు ఉన్న చెరువు ఉందనుకుందాం. అందులో నిల్వ 15 లక్షల ఘనపు మీటర్లు. గండి వెడల్పై చెరువు గంటలో ఖాళీ అయితే సగటు ప్రవాహమే సెకనుకు 415 ఘనపు మీటర్లు దాటుతుంది, అంటే సుమారు 14,700 క్యూసెక్కులు. వాగులోకి పారిన వాన నీటిలో నాలుగో వంతు నీరే అయినా, తక్కువ సమయంలో రావడం వల్ల వాన తెచ్చిన శిఖర ప్రవాహాన్ని కూడా మించిపోయింది. ఆ అల కింది చెరువును చేరితే దాని కట్ట కూడా తెగవచ్చు. గండి ఎంత వెడల్పున, ఎంత సమయంలో పడుతుందో అంచనా వేయడానికి గతంలో తెగిన కట్టల కొలతల నుంచి తీసిన సూత్రాలున్నాయి. వాటితో గొలుసులోని ఒక్కో చెరువు తెగితే ఏమవుతుందో, వరుసగా తెగితే ఏమవుతుందో విడివిడిగా నడిపి చూడాలి.

కట్ట తెగడానికి వాన ఉండి తీరాలన్న నియమం కూడా లేదు. వనపర్తి జిల్లాలో సైఫన్ మత్తడికి పేరుపొందిన సరళాసాగర్ కట్టకు 2019 డిసెంబరు 31న, అంటే వానలు ముగిసిన చాలా రోజులకు, గండి పడి నీరు రామన్‌పాడు వైపు పోయింది. ఎత్తిపోతల నీటితో చెరువులను నింపుతున్న ఈ రోజుల్లో ఏ నెలలోనైనా చెరువు నిండుగా ఉండవచ్చు. 2021లో వచ్చిన డ్యామ్ భద్రతా చట్టం ప్రధానంగా 15 మీటర్లకు మించిన ఎత్తున్న ఆనకట్టలకు, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల వాటికి వర్తిస్తుంది. వాటికి అత్యవసర ప్రణాళిక, తెగితే మునిగే ప్రాంతాల గుర్తింపు తప్పనిసరి. ఊరి చెరువు కట్టలు దాదాపు అన్నీ ఆ ఎత్తుకు లోపలివే కనుక ఆ బాధ్యత వాటికి చట్టపరంగా లేదు. చట్టం అడగకపోయినా కట్ట కింద ఇళ్లున్న ప్రతి చెరువుకు ఈ లెక్క వేయాలి. మహబూబ్‌నగర్, కోదాడ వంటి పట్టణాలు ఇప్పుడు చెరువుల దిగువ ఆయకట్టులోకే విస్తరిస్తున్నాయి. ఒకప్పుడు కట్ట తెగితే వరి మడులు మునిగే చోట ఇప్పుడు వీధులున్నాయి.

గీతను సరిచూడటం

కంప్యూటర్ ఇచ్చిన గీత నిజమో కాదో తేల్చేది నేల మీది ఆనవాళ్లే. వరద తగ్గిన వారంలోపు గోడల మీద బురద చార, చెట్ల కొమ్మలకు చిక్కుకున్న చెత్త, కరెంటు స్తంభాల మీది మరక వంటివాటి మట్టాన్ని తీసి బెంచ్‌మార్క్‌కు కలపాలి. ఆ ఆనవాళ్ల వాలు, వాగు క్రాస్ సెక్షన్, గరుకుదనం కలిపి వెనక్కి లెక్కిస్తే ఆ రోజు పారిన ప్రవాహం కూడా తెలుస్తుంది. కొలతల కేంద్రం లేని వాగుకు అంతకన్నా విలువైన సమాచారం లేదు. ఆలస్యమైతే తర్వాతి వాన ఆ చారను కడిగేస్తుంది, ఇంటివారు సున్నం వేస్తారు. ఏ గుడి మెట్టు దాకా నీళ్లొచ్చాయో, ఏ వైపు నుంచి ముందుగా వచ్చాయో పెద్దవాళ్లకు, చెరువు తూములు చూసే నీరటివాళ్లకు తెలుసు. అధ్యయన బృందాలు వాళ్లను అడగాలి, అడిగింది రాసుకోవాలి, ఒకరి మాటను ఇంకొకరి మాటతో, మట్టం కొలతతో సరిచూసుకోవాలి.

ఉపగ్రహ చిత్రాల వాడుక ఇక్కడ పరిమితమే. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న షాద్‌నగర్ భూకేంద్రం దేశమంతటి ఉపగ్రహ సమాచారాన్ని అందుకుంటుంది, మబ్బుల గుండా చూడగల రాడార్ చిత్రాలతో పెద్ద నదుల ముంపును చక్కగా గుర్తిస్తున్నారు. కాని వాగు పొంగు కొన్ని గంటలదే. ఉపగ్రహం ఆ పైనుంచి వెళ్లే వేళకు నీరు దిగిపోయి ఉంటుంది.

గీత సరిపోయాక ఆ లోపలి నేలంతా ఒకేలా ప్రమాదకరం కాదు కనుక దాన్ని తరగతులుగా విడగొడతారు. దీనికి నీటి లోతు, వేగం రెండూ కావాలి. లోతును మీటర్లలో, వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని గుణిస్తే వచ్చిన విలువ 0.4 దాటితే పిల్లలు, 0.6 దాటితే పెద్దవాళ్లు నిలదొక్కుకోవడం కష్టమని ప్రయోగాల్లో తేలింది. కాజ్‌వే మీద మోకాలి లోపు, అంటే 40 సెంటీమీటర్ల నీరు సెకనుకు రెండు మీటర్ల వేగంతో పారుతుంటే ఆ విలువ 0.8. 30 సెంటీమీటర్ల నీటికే చిన్న కారు అదుపు తప్పి కొట్టుకుపోగలదు. రోజూ నడిచే దారే కదా అని బండి దింపినవారు ఏటా ఈ వాగుల్లో ప్రాణాలు కోల్పోతున్నది ఇందుకే. దీనికి భిన్నంగా పారకుండా లోతుగా నిలిచే నీటి ప్రమాదం రైల్వే అండర్ బ్రిడ్జిల కింద కనిపిస్తుంది. 2022 జూలైలో మహబూబ్‌నగర్ దగ్గర మాచన్‌పల్లి, కోడూరు మధ్య ఒక స్కూల్ బస్సు అలాంటి నీటిలో చిక్కుకుంటే పిల్లలను స్థానికులు సకాలంలో బయటికి తీశారు. ముంపు పటంలో కాజ్‌వేలు, అండర్ బ్రిడ్జిలు ప్రత్యేక గుర్తుతో ఉండాలి.

ఇన్ని దశలు దాటిన గీతకు చట్టంలో స్థానమెక్కడ అన్నది మిగిలిన ప్రశ్న. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ఉత్తర్వు, జీవో 168, నదికి మున్సిపాలిటీ బయట 100 మీటర్లు, లోపల 50 మీటర్లు, 10 హెక్టార్లకు తగ్గని చెరువుకు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటి మట్టం) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు, 10 మీటర్లు దాటిన నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువదానికి 2 మీటర్లు వదలాలంటుంది. ఈ నిబంధన అమలు చేయడానికి సులువు, టేపు చాలు. చెరువును, నాలాను కబ్జా నుంచి కాపాడటానికి అది అవసరం కూడా. కాని వరద దూరాన్ని చూసి ఆగదు, మట్టాన్ని చూసి ఆగుతుంది. ఎత్తైన గట్టున్న నాలాకు 2 మీటర్లు సరిపోతుంది, లోతట్టులో పారే అదే వెడల్పు నాలాకు 100 మీటర్లూ చాలకపోవచ్చు. బఫర్ వదిలాం కనుక ఇల్లు భద్రమే అనుకోవడం ఆ ఉత్తర్వు ఎన్నడూ ఇవ్వని హామీ.

వరద మైదానాల మండలీకరణకు, అంటే మునిగే నేలలో ఎక్కడ ఏం కట్టవచ్చో విభజించడానికి, కేంద్రం 1975లోనే నమూనా బిల్లు పంపింది. ఆస్పత్రులు, విద్యుత్ కేంద్రాలు, నీటి సరఫరా, పరిశ్రమల వంటివి 100 ఏళ్ల వరద మట్టానికి పైన, నివాసాలు, విద్యాసంస్థలు, కార్యాలయాలు 25 ఏళ్ల వరద మట్టానికి పైన ఉండాలని, అంతకు కిందున్న నేలను పార్కులకు, ఆటస్థలాలకు వదలాలని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్ వంటి కొన్ని రాష్ట్రాలు మాత్రమే దీన్ని చట్టంగా చేసుకున్నాయి. తెలంగాణ వాటిలో లేదు. ఎవరి పట్టా భూమి మీదుగా గీత వెళ్తే వారికి నష్టమన్న భయం ఇందుకు ఒక కారణం, అది అర్థం లేని భయమేమీ కాదు. అందుకే గీత ఏ వరదకు గీసిందో, ఏ సర్వే నంబరు దగ్గర నీటి మట్టం సముద్ర మట్టానికి ఎంత ఎత్తో, ఎంత అనిశ్చితి ఉందో పటం మీదే రాసి గ్రామ పంచాయతీలో, మున్సిపల్ కార్యాలయంలో అందరికీ కనిపించేలా పెట్టాలి. అభ్యంతరమున్నవారు మట్టం కొలిపించి చూపగలగాలి. నిషేధ ప్రాంతంలో ఇప్పటికే ఇళ్లున్నవారికి ముందుగా హెచ్చరిక వ్యవస్థ, తర్వాతే తరలింపు మాట రావాలి. కొత్త లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే అధికారి బల్ల మీద ఎఫ్‌టీఎల్ పటంతో పాటు 25, 100 ఏళ్ల ముంపు గీతలు, ఎగువ చెరువు తెగితే వచ్చే ముంపు గీత, మూడూ ఉండాలి. ఎగువన కొత్త కాలువ తవ్వినా, కల్వర్టు మార్చినా, చెరువు మత్తడి ఎత్తు పెంచినా, పెద్ద వరద వచ్చి కొత్త ఆనవాళ్లు మిగిల్చినా ఆ గీతలను మళ్లీ లెక్కించి, పాత పటం మీద తేదీ వేసి పక్కన పెట్టాలి.